ఎదురెదురు పేజీలు: ప్రపంచీకరణ మన చదువుల్ని ఎటు నడిపింది?

ప్రభుత్వ బడి సైన్సు పుస్తకం తెరిస్తే ఒక పేజీలో పాఠం తెలుగులో ఉంటుంది, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. బొమ్మలు రెండు పక్కలా అవే. ఇటు ‘కిరణజన్య సంయోగక్రియ’, అటు ‘ఫొటోసింథసిస్’. ఆ మధ్య ఓ ఊరి బడికి వెళ్లినప్పుడు ఒక పిల్లని ‘ఏ పేజీ చదువుతావమ్మా?’ అని అడిగాను. ‘పరీక్షకి ఇంగ్లీషు పేజీ. అర్థం కాకపోతే తెలుగు పేజీ’ అంది. కాసేపాగి, ‘తెలుగు పేజీ కూడా అర్థం కాకపోతే సార్‌ని అడుగుతా’ అంది.

ఈ పుస్తకం మన పిల్లల చేతికి ఎలా వచ్చిందంటే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఉపాధ్యాయ సంఘాల సభల్లో ప్రపంచ బ్యాంకు పేరు మొదటి ఐదు నిమిషాల్లోనే వినబడుతుంది. అధికారుల్ని కదిపితే ‘తల్లిదండ్రులు అడుగుతున్నారు, మేం ఇస్తున్నాం’ అంటారు. ప్రపంచీకరణ మన విద్యావిధానాన్ని ఏం చేసిందన్న చర్చ మూడు దశాబ్దాలుగా దాదాపు ఈ రెండు జవాబుల మధ్యే తిరుగుతోంది. నా మటుకు నాకు రెండో జవాబే నిజానికి దగ్గరనిపిస్తుంది. అలాగని అది ప్రభుత్వాలకు కితాబు కాదు. తల్లిదండ్రులు ముందు నడిచారు, ప్రభుత్వాలు వాళ్ల వెనక పరిగెత్తాయి. ఆ పరుగులో ఏ తల్లిదండ్రుల మాట చెవిన పడింది, ఎవరిది పడలేదు అన్నదగ్గరే అసలు కథ ఉంది.

ప్రపంచీకరణ అనగానే అందరూ 1991 దగ్గర మొదలుపెడతారు. తెలుగువాళ్ల లెక్క ఇంకా వెనకనుంచి చూడాలి. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చి నిపుణులకు తలుపు తీశాక, గుంటూరు, విశాఖ, హైదరాబాదు వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు ఒకరి వెనక ఒకరు విమానమెక్కారు. కాలవల కింద రెండు పంటలు తీసి నాలుగు రాళ్లు వెనకేసుకున్న కుటుంబాలకు, ఇంకో రెండెకరాలు కొనడం కంటే కొడుకుని చదివించడం లాభమని అప్పుడే బోధపడింది. గుంటూరు, విజయవాడల్లో రెసిడెన్షియల్ కాలేజీలు, ఎంట్రెన్సు కోచింగులు లేచింది ఆ నమ్మకం మీదే. 1986లో ఇంజనీరింగ్, మెడికల్ సీట్లకు ఎంసెట్ వచ్చేనాటికి దానికి కావలసిన యంత్రాంగమంతా అక్కడ సిద్ధంగా ఉంది.

ఢిల్లీలో కూడా మాట మారడం 1991కి ముందే మొదలైంది. 1985లో కేంద్ర విద్యాశాఖ ‘మానవ వనరుల అభివృద్ధి శాఖ’ అయింది. ఆ పేరుతో తొలి మంత్రి పి.వి. నరసింహారావు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకులం పెట్టించిందీ, 1991లో ప్రధానిగా ఆర్థిక సంస్కరణలు తెచ్చిందీ ఆయనే. పల్లెటూరి పేద పిల్లవాడికి మంచి బడి ఇవ్వాలన్న ఆలోచన, మనిషిని వనరుగా లెక్కగట్టే పేరు, విపణికి తలుపు తీసిన బడ్జెట్టు, మూడూ ఒకే మనిషి జీవితంలో ఇమిడాయి. అందుకే ఈ కథను మంచివాళ్లు, చెడ్డవాళ్లుగా పంచడం నాకు ఎప్పుడూ కుదరలేదు. ఆ శాఖ 2020లో మళ్లీ విద్యాశాఖ అయింది, మాట మారినంత తేలిగ్గా ఆలోచన మారలేదనుకోండి.

ఇక అప్పుల సంగతి. 1990 మార్చిలో థాయిలాండ్‌లోని జోమ్‌తియెన్‌లో యునెస్కో, యునిసెఫ్, యూఎన్‌డీపీ, ప్రపంచ బ్యాంకు కలిసి ‘అందరికీ విద్య’ సదస్సు జరిపాయి. ప్రాథమిక విద్యకు బయటి డబ్బు తీసుకోవడానికి అప్పటిదాకా ఢిల్లీ వెనకాడుతూ ఉండేది. 1991 విదేశీ మారక సంక్షోభం ఆ బెట్టు వదిలించింది. 1994లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, టీచర్ల నోట ‘డీపెప్’, మొదలైంది. మన రాష్ట్రం అంతకు ముందే ఆ దారి చూసింది. బ్రిటన్ సాయంతో 1980లలోనే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ‘ఏపెప్’, నడిచింది. పాఠం చెప్పడమంటే బెత్తం పట్టుకుని వల్లె వేయించడం కాదు, పిల్లలతో చేయించడం అన్నమాట వేలమంది సెకండరీ గ్రేడ్ టీచర్లు మొదటిసారి విన్నది ఆ శిక్షణల్లోనే. గోడ చుట్టూ పిల్లలకు అందే ఎత్తులో నల్లరంగు బోర్డులు, పురికొసకు వేలాడే చార్టులు, ఏడాదికి బోధనోపకరణాల కోసం 500 రూపాయల టీఎల్‌ఎం గ్రాంటు. ఆ 500కి బిల్లులు పెట్టలేక పడిన అవస్థ గురించి పాత టీచర్లు ఇప్పటికీ నవ్వుకుంటూ చెబుతారు. మండలానికో ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) భవనం ఆ కాలపు గుర్తు.

అప్పు డబ్బుతో వచ్చింది శిక్షణ ఒక్కటే కాదు. డీఎస్సీ పెట్టి పూర్తి జీతంతో టీచర్ని వేసుకోవడానికి బదులు నెలకింత గౌరవవేతనమని విద్యా వాలంటీరుని వేసుకోవచ్చన్న కిటుకు కూడా ఆ ఏళ్లలోనే వేళ్లూనుకుంది. బడి లేని గూడేనికి బడి వచ్చింది, నిజమే. కానీ ఆ గూడేనికి సగం జీతం టీచరే చాలన్న తీర్మానం కూడా దాంతోపాటే వచ్చింది. పేదల బడికి పొదుపు సూత్రం, మిగతావాళ్లకు ఎంపిక సూత్రం. ఆ గీత ఆనాడు పడింది.

అదే కాలంలో బయటి గాలి ఇంకో వైపునుంచి మంచి కూడా చేసింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పేదరికం అందుకు సాకు కాదు అని శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పట్టుబట్టి చెప్పారు. పత్తి చేలనుంచి, పశువుల వెనకనుంచి పిల్లల్ని తెచ్చి బ్రిడ్జి క్యాంపుల్లో కూర్చోబెట్టారు. దానికి అంతర్జాతీయ సంస్థల సాయం ఉంది, బాలల హక్కులన్న అంతర్జాతీయ భాష అండ ఉంది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆలోచన మాత్రం ఇక్కడి మట్టిలో పుట్టింది, ఇక్కడినుంచి బయటికెళ్లింది. ప్రపంచీకరణ రాకపోకలు రెండు వైపులా ఉంటాయనడానికి మనకున్న మంచి ఉదాహరణ ఇది.

విశ్వవిద్యాలయాలకు మాత్రం అది కరువు కాలం. ప్రాథమిక విద్య మీద పెట్టిన రూపాయికి సమాజానికి వచ్చే ఫలం ఎక్కువ, పై చదువుల ఫలం చదివినవాడి జేబులోకే పోతుంది కనుక ఖర్చు వాడే పెట్టుకోవాలి అన్నది ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త జార్జ్ సకరోపౌలస్ లెక్కలనుంచి తీసిన సారం. మన దగ్గర అది పేరు మార్చుకుని తిరిగింది. 1993లో తెలుగువారే అయిన జస్టిస్ పున్నయ్య కమిటీ విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో 15 శాతం, క్రమంగా 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలంది. 1997లో ఆర్థికశాఖ సబ్సిడీల పత్రం ఉన్నత విద్యను రాయితీకి అంతగా అర్హత లేని జాబితాలో వేసింది. 2000లో ముకేశ్ అంబానీ, కుమారమంగళం బిర్లాల నివేదిక పై చదువుల్ని ప్రైవేటుకు వదిలి, సర్కారు బడిచదువు చూసుకుంటే మేలంది. అప్పట్నుంచి ‘సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు’ అనే మాట మన యూనివర్సిటీల నోటీసు బోర్డుల మీద స్థిరపడింది. కొఠారీ కమిషన్ 1966లో విద్యకు ఖర్చు చేయమన్న జాతీయాదాయంలో 6 శాతం మాత్రం ఈనాటికీ అందలేదు.

ఇదంతా ఫైళ్లలో నడిచిన ప్రపంచీకరణ. వీధుల్లో నడిచింది వేరు. అది ఇంజనీరింగ్ సీటు రూపంలో వచ్చింది.

1998లో హైటెక్ సిటీ సైబర్ టవర్స్, అదే ఏడాది ట్రిపుల్ ఐటీ, 1999 జనవరిలో మెకిన్సే సాయంతో తయారైన విజన్ 2020. కంప్యూటర్లలో తేదీల గండం, వై2కె, దాటించడానికి అమెరికాకు చేతులు కావలసి వచ్చాయి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ గోడలన్నీ కోర్సుల పేర్లతో నిండిపోయాయి. 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద ప్రైవేటు కాలేజీలు నడిపిన క్యాపిటేషన్ ఫీజుల దావా అది. ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు 14 ఏళ్లలోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కని చెప్పింది, ఫీజులకు కళ్లెం కూడా వేసింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ ఫీజు కళ్లెం విప్పేసింది. హక్కు మిగిలింది, కళ్లెం పోయింది. కాలేజీలు రోడ్ల వెంట జొన్నచేలల్లో లేచాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంక ఆగలేదు. రాష్ట్రం విడిపోయే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 700 ఇంజనీరింగ్ కాలేజీలు.

రీయింబర్స్‌మెంట్‌ని తిట్టడం తేలిక. కూలి చేసుకునే ఇంటినుంచి మొదటి ఇంజనీరు ఆ డబ్బు మీదే వచ్చాడన్నది మరిచిపోకూడదు. కానీ ఆ పథకం ఏం చేసిందో కూడా చూడాలి. ప్రభుత్వం సొంతంగా కాలేజీ కట్టి, లెక్చరర్లను వేసి, ల్యాబులు పెట్టే పని మానుకుని, ప్రైవేటు కాలేజీకి పిల్లవాడి తరఫున ఫీజు కట్టే గుమాస్తా అయింది. ఆ ఫీజు కూడా సకాలంలో రాదు. బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీ ఏ జిల్లాలో లేదు? నాకు తెలిసిన ఒక కుర్రవాడు ఉద్యోగం వచ్చి, చేరమన్న తేదీకి ఒరిజినల్స్ చేతికి రాక, వడ్డీకి అప్పు తెచ్చి కాలేజీకి కట్టి విడిపించుకున్నాడు. ఆ బకాయి ప్రభుత్వం తరవాత ఇచ్చిందట, కాలేజీకే.

బ్రాంచి ఎంపిక దగ్గరికొస్తే ప్రపంచీకరణ ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో కళ్లకు కడుతుంది. అమెరికాలో చదువు పూర్తయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు మామూలుగా ఏడాది. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సులవాళ్లకు 2008లో అదనంగా 17 నెలలు ఇచ్చారు, 2016లో దాన్ని 24 నెలలు చేశారు. అంటే మొత్తం మూడేళ్లు. హెచ్1బీ ఉద్యోగ వీసాల కోటా ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. లాటరీలో మూడుసార్లు పేరు వేసుకోవడానికి ఆ మూడేళ్లు చాలు. వాషింగ్టన్‌లో ఒక శాఖ రాసిన ఈ చిన్న నిబంధన తెనాలిలో, సూర్యాపేటలో కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల క్రమాన్ని మార్చేసింది. సివిల్, మెకానికల్ సీట్లు మిగిలిపోతాయి. కాలేజీలు వాటిని మూసి కంప్యూటర్ సైన్సుకి ఏఐ, డేటా సైన్సు తోకలు తగిలించి సెక్షన్లు పెంచుకుంటాయి. సీఈసీ, హెచ్‌ఈసీ లాంటి ఆర్ట్స్, కామర్స్ గ్రూపులంటే ఏమిటో తెలియకుండా ఇంటర్ దాటే పిల్లలున్నారు. చరిత్ర, భూగోళం వద్దని ఏ జీవో చెప్పలేదు. చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూటెనిమిది. విద్యా ప్రాధాన్యాలు నిర్ణయమయ్యే చోట్లలో దాన్నీ ఒకటిగా లెక్కవేయడం అపచారం కాదనుకుంటాను. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. పదిహేనేళ్ల తరవాత మనం చైనాని దాటాం. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతో ఏ కన్సల్టెన్సీ ఫ్లెక్సీ చూసినా తెలుస్తుంది.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము వేశారు. ఇన్నేళ్లు ఒకే తలుపు చూసి కట్టుకున్న ఇల్లు ఇది.

భాష విషయాన్ని దీన్నుంచి విడిగా చూడకూడదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81తో బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చబోయింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు సేకరించి, 96 శాతం ఇంగ్లీషే కావాలన్నారని ప్రకటించింది. ఆ సేకరణ ఎలా జరిగిందన్న ప్రశ్నలు పక్కనబెట్టినా, ఆ అంకెలో అబద్ధం పెద్దగా ఉందనుకోను. తెలంగాణ 2022-23లో అదే దారి పట్టింది. అక్కడ అప్పటికే సగానికి పైగా పిల్లలు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. మండల కేంద్రంలో అద్దె ఇంటికి ‘ఇంటర్నేషనల్’ అనో, ‘టెక్నో’ అనో బోర్డు తగిలిస్తే చాలు, ఆటోలు ఆగుతాయి.

‘మీ పిల్లలు ఏ మీడియంలో చదివారు?’ అని రచయిత కంచ ఐలయ్య తెలుగు మీడియం సమర్థకులను నిలదీసినప్పుడు సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ. నేనూ చెప్పలేను. అయితే ఆ ప్రశ్నకు జవాబు లేనంత మాత్రాన ఇంగ్లీషు పేజీ పిల్లకు అర్థమైపోదు. పాఠం చెప్పే మాస్టారు తెలుగు మీడియంలో చదివి, తెలుగులో డీఎస్సీ రాసి వచ్చినవాడు. ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో జవాబు రాయిస్తాడు. పిల్లలు దాన్ని కంఠతా పడతారు. ఏపెప్ రోజుల్లో పోవాలనుకున్న వల్లెవేత ఇంకో దారిన తిరిగొచ్చింది.

తెలుగువాదుల తప్పు నాకు ఇంకోచోట కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన పిల్ల ‘తెలుగు పేజీ కూడా అర్థం కాకపోతే’ అన్న మాట చూడండి. ‘కిరణజన్య సంయోగక్రియ’ ఎవరి అమ్మ భాష? యాభై ఏళ్లు అవకాశం చేతిలో ఉండి, పాఠ్యపుస్తకాల్ని పిల్లలు మాట్లాడే తెలుగులోకి తేలేకపోయాం. చేతగాక కాదు, చులకనవుతామనే భయంతో. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజున ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాసిన సంగతి ఆ దండల కింద పడిపోతుంది.

ఆ సవర భాష మళ్లీ బడికొచ్చింది కూడా ప్రపంచీకరణ కాలంలోనే. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, ఆదివాసి ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో 240 బడుల్లో ఒకటో తరగతి మొదలుపెట్టింది. పిల్లలకు తెలిసిన పాటతో, సంతతో, అడవితో పాఠం, తెలుగు లిపిలో వాళ్ల మాట. అమ్మభాషలో తొలి చదువు అన్నది యునెస్కో 1953నుంచీ చెబుతున్న మాటే. బయటినుంచి వచ్చిన సలహాల్లో మనం ఏది ఎత్తుకున్నాం, ఏది కింద పెట్టాం అని చూస్తే ఏరుకున్నది మనమేనని తెలుస్తుంది. ఈ ఎనిమిది భాషల కోసం ఏ ప్రభుత్వమూ ఫుల్ పేజీ ప్రకటన ఇవ్వలేదు.

ర్యాంకుల గొడవ కొంత తమాషాగా ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లల సామర్థ్యాలను దేశాల మధ్య పోల్చే పిసా పరీక్షలో 2009లో భారత్ తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు కూర్చున్నారు. 74 చోట్లలో 72, 73 స్థానాలు వచ్చాయి. ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు అందనివని చెప్పి దేశం తప్పుకుంది. తరవాత 2021కి వస్తామని ఒప్పుకుంది. కరోనాతో అది 2022కి జరిగింది, అప్పుడూ వెళ్లలేదు. పరీక్ష రాయకపోయినా దాని భాష మాత్రం వచ్చేసింది. ఇప్పుడు ప్రతి శిక్షణలోనూ ‘సామర్థ్యాలు’, ‘అభ్యసన ఫలితాలు’. 2021లో ఆంధ్రప్రదేశ్ బడుల కోసం ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల ‘సాల్ట్’ రుణం మంజూరు చేసింది. ఈ కాలపు రుణాలు భవనాలకు కాక ఫలితాలకు ముడిపడి ఉంటాయి. ఫలితం చూపాలంటే లెక్క కావాలి, లెక్కకు యాప్ కావాలి. మరుగుదొడ్డి ఫొటో, గుడ్డు ఫొటో, హాజరు ఫొటో, సిగ్నల్ లేని ఊళ్లో ఇవన్నీ ఎక్కించేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం, ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు. 2023లో మూడో తరగతినుంచే టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష. 2024 జనవరిలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) సిలబస్ ఒప్పందం. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, టోఫెల్, ఐబీ రెండూ పక్కకెళ్లాయి. జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మూడేళ్లలో మూడు ప్రపంచస్థాయిలు వచ్చి పోయాయి. పునాది లెక్కలు రాని ఐదో తరగతి పిల్లవాడు అక్కడే ఉన్నాడు.

విదేశీ విశ్వవిద్యాలయాల రాక గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడ్డప్పుడు సేవల ఒప్పందంలో విద్య కూడా సరుకుల జాబితాకెక్కిందని చాలా భయపడ్డాం. 2010 బిల్లు పార్లమెంటులో మురిగిపోయింది. గుజరాత్ గిఫ్ట్ సిటీలో అక్కడి ప్రత్యేక నిబంధనల కింద రెండు ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు, 2023లో యూజీసీ నిబంధనలు తెచ్చాక గురుగ్రాంలో సౌతాంప్టన్ తెరుచుకున్నాయి. మన కుటుంబాలు అటు చూసినట్టు లేదు. వీళ్లకు కావలసింది విదేశీ డిగ్రీ కాదు, విదేశం.

విదేశం అంటే అమెరికా ఒక్కటే కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెలనుంచి, కోనసీమ, కడపలనుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఈ చర్చలో ఎక్కడా కనబడరు. ప్రపంచీకరణ వాళ్ల ఇళ్లనే ముందు తాకింది. వాళ్ల కోసం విద్యావిధానం చేసిందేమిటి? ఐటీఐలు దశాబ్దాలపాటు తుప్పు పట్టిన లేతు మిషన్లతో నడిచాయి. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి బాగుచేసే పని 2024లో మొదలైంది. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పిస్తోంది.

చదువుకీ గల్ఫ్‌కీ ఉన్న ముడి ఒక్కటే, అది పాస్‌పోర్టులో కనబడుతుంది. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ కింద పడుతుంది. పనికోసం గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి. పది పాసైతే ఆ మెలిక ఉండదు. అందుకే ఆ ఊళ్లలో తండ్రులు ఇంకేం అడగరు, ‘పది గట్టెక్కితే చాలు సార్’ అంటారు. పదిలో తప్పినవాడు ఏజెంటు దగ్గరికి పోతాడు. ఏజెంటు టేబుల్ మీద ఒప్పందం కాగితం పరుస్తాడు. ఒక వరసలో అరబీ, ఎదురు వరసలో ఇంగ్లీషు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తాడు.